పాత కంప్యూటర్ చిప్పుల నుండి బంగారం: జలగడుగు వృత్తి, ఆమ్ల శుద్ధి, గోదావరి డెల్టా నీరు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

స్వర్ణకారుల అంగడి మట్టిని కడిగి అందులోని బంగారు రజనును తీసే ‘జలగడుగు’ పని తెలుగువారికి పాతదే. పాత కంప్యూటర్ల చిప్పులు, సర్క్యూట్ బోర్డుల నుండి బంగారం తీయడాన్ని ఆ వృత్తికి కొనసాగింపుగా భావించే అవకాశం ఉంది. ఈ రెండు పనుల మధ్య పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో రసాయనిక లెక్కల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తాగునీరు, సాగునీరు, చేపల చెరువుల నీరు ఒకే కాలువ వ్యవస్థతో ముడిపడి ఉన్న గోదావరి డెల్టాలో ఇంటి పెరటి ఆమ్ల శుద్ధికి చోటు లేదని, విప్పడం, వేరుచేయడం, విలువ కట్టడం అనే పనులకు చోటు ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఈ-వ్యర్థాలు, బంగారం, సర్క్యూట్ బోర్డు, జలగడుగు, ద్రవరాజం, రాగి, గోదావరి డెల్టా.

1. ఉపోద్ఘాతం

స్వర్ణకారుని పనిలో బంగారం కొంత నేలపాలు కావడం సహజం. ఆకురాయి కింద రాలిన రజను, కుంపటి బూడిదలో కలిసిన కణాలు, మూసకు అంటుకున్న తునకలు అంగడి మట్టిలో చేరతాయి. ఆ మట్టిని కొని, నీటిలో కడిగి, బరువైన బంగారాన్ని అడుగున నిలిపి తీసే పనికి తెలుగులో ‘జలగడుగు’ అనే మాట ఉంది. ఇతరులు ఊడ్చి పారవేసినదానిలో విలువను చూడగలగడం ఈ వృత్తికి మూలం.

నేడు విలువను దాచుకున్న చెత్త మరో రూపంలో పోగవుతున్నది. 2024లో వెలువడిన ప్రపంచ ఈ-వ్యర్థాల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు ఉత్పన్నమయ్యాయి. అందులో పద్ధతి ప్రకారం సేకరించి పునశ్శుద్ధి చేసినట్లు నమోదైనది 22.3 శాతం మాత్రమే. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం వంటి పట్టణాలలోని కళాశాలలు, బ్యాంకులు, కార్యాలయాలు, ఇళ్లు కూడా ఈ ప్రవాహంలో భాగమే. అక్కడ పాతబడిన కంప్యూటర్లు సాధారణంగా తుక్కు దుకాణాల దారి పడతాయి.

టోక్యో 2020 ఒలింపిక్ పతకాల కోసం జపాన్‌లో 78,985 టన్నుల పాత పరికరాలను, వాటిలో భాగంగా దాదాపు 62 లక్షల చరవాణులను సేకరించి, 32 కిలోల బంగారం తీశారు. ఇటువంటి వార్తలు, 2025లో గ్రాము పది వేల రూపాయలు దాటిన బంగారం ధర, అంగట్లో దొరికే ఆమ్లాలు కలిసి ఈ పని ఇంటి పెరట్లోనే సాధ్యమనే ఆశను కలిగిస్తాయి. రసాయనికంగా అది సాధ్యమే. అయితే దాని మూల్యం ఎంత, దానిని చెల్లించేది ఎవరు అన్నవి పరిశీలించవలసిన ప్రశ్నలు.

2. చిప్పులో బంగారం: స్థానం, పరిమాణం

బంగారం తుప్పు పట్టదు. విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. అతి పలుచని పూతగా, సన్నని తీగగా మలచడానికి అనువైనది. అందువల్ల కంప్యూటర్ భాగాలలో అది ప్రధానంగా మూడు చోట్ల కనిపిస్తుంది: మెమరీ కార్డుల అంచుల్లోని పసుపుపచ్చని పట్టీలు, ప్రాసెసర్ల కాళ్లపై పూత, చిప్పు లోపల సిలికాన్ ముక్కను బయటి కాళ్లతో కలిపే సన్నని తీగలు.

ఈ బంగారం పరిమాణాన్ని చిన్న లెక్కతో అంచనా వేయవచ్చు. అంచు పట్టీపై పూత మందం 0.75 మైక్రాన్లు అనుకుంటే, బంగారం సాంద్రత ఘనసెంటీమీటరుకు 19.3 గ్రాములు కనుక, ఒక చదరపు సెంటీమీటరు పూతలో సుమారు 1.45 మి.గ్రా. బంగారం ఉంటుంది. ఒక గ్రాము కావాలంటే దాదాపు 690 చదరపు సెంటీమీటర్ల పూత అవసరం. బోర్డు ఉపరితలంపై టంకం పట్టడానికి వేసే పూత ఇంకా పలుచన. దాని మందం 0.05 మైక్రాన్లయితే ఒక గ్రాముకు ఒక చదరపు మీటరుకు మించిన పూత కావాలి.

చిప్పు లోపలి తీగల లెక్క కూడా ఇటువంటిదే. 25 మైక్రాన్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల పొడవు ఉన్న బంగారు తీగ బరువు 0.019 మి.గ్రా. అటువంటి తీగలు నూరు ఉన్న చిప్పులో 1.9 మి.గ్రా. బంగారం ఉంటుంది. ఒక గ్రాము కోసం అటువంటి చిప్పులు 500కు పైగా కావాలి. పైగా బంగారం ధర పెరిగిన కొద్దీ తయారీదారులు చాలా చిప్పులలో బంగారు తీగకు బదులు రాగి తీగ వాడుతూ వచ్చారు. పాత పింగాణి ప్రాసెసర్ల గురించి చెప్పుకునే లెక్కలు నేటి చిప్పులకు వర్తించవు.

అయినప్పటికీ ఈ వనరు చిన్నది కాదు. గనుల నుండి తవ్వే ఖనిజంలో టన్నుకు కొద్ది గ్రాముల బంగారం ఉన్నా లాభసాటిగా భావిస్తారు. కంప్యూటర్ బోర్డులలో టన్నుకు 200 గ్రాముల స్థాయిలో ఉండవచ్చు. బోర్డు రకాన్ని, వయసును బట్టి ఇది మారుతుంది. ఈ వ్యాసంలోని తదుపరి లెక్కలకు 200 గ్రాములను ప్రమాణంగా తీసుకోవడం జరిగింది.

3. జలగడుగు, చిప్పుల శుద్ధి: పోలిక, భేదం

పారవేసినదానిలో విలువను వెతకడం, రకాలను కంటితో గుర్తించడం, కొద్దిపాటి బంగారాన్ని కూడా పోనివ్వని ఓర్పు ఈ రెండు పనులకూ సమానం. నత్రికామ్లం కూడా స్వర్ణకారులకు కొత్త కాదు. బంగారంలో కలిసిన వెండిని కరిగించి వేరుచేయడానికి దానిని వాడటం వారికి తెలిసినదే.

భేదం బంగారానికి తోడుగా ఉన్న పదార్థంలో ఉన్నది. అంగడి మట్టిలో బంగారం విడి కణంగా ఉంటుంది. దాని చుట్టూ ఉన్నది ప్రధానంగా మన్ను, బూడిద. బంగారం బరువు, మన్ను తేలిక అన్న భౌతిక భేదమే కడగడానికి ఆధారం. చిప్పులోని బంగారం విడిగా ఉండదు. అది నికెల్ మీద పూతగా, నికెల్ రాగి మీద పొరగా, రాగి గాజునారతో బలపరచిన ప్లాస్టిక్ మీద రేకుగా అతుక్కొని ఉంటుంది. కొన్నిచోట్ల సీసం, తగరం కలిసిన టంకం ఉంటుంది. ఇక్కడ నీరు పనిచేయదు. బంగారాన్ని విడిపించడానికి దాని కింది లోహాన్ని కరిగించాలి, లేదా బంగారాన్నే కరిగించాలి. జలగడుగు విద్యకు, చిప్పుల శుద్ధికి మధ్య పోలిక తెగిపోయేది ఈ బిందువు వద్దనే.

4. ఆమ్ల శుద్ధి స్వరూపం

పెరటి శుద్ధిలో సాధారణంగా రెండు అంచెలు కనిపిస్తాయి. మొదటి అంచెలో నత్రికామ్లంతో రాగి, నికెల్, వెండి వంటి లోహాలను కరిగిస్తారు. బంగారం కరగకుండా పలుచని రేకులుగా విడిపోతుంది. రెండవ అంచెలో ఆ రేకులను ద్రవరాజంలో కరిగిస్తారు. ద్రవరాజం అనేది ఘనపరిమాణంలో మూడు పాళ్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నత్రికామ్లం కలిసిన మిశ్రమం. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ విడిగా బంగారాన్ని కరిగించదు. నత్రికామ్లం బంగారాన్ని ఆక్సీకరిస్తే, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోని క్లోరైడు అయాన్లు ఏర్పడిన బంగారు అయాన్లను వెంటనే పట్టుకొని చర్యను ముందుకు నడుపుతాయి. ఆ తరువాత తగిన క్షయకరణి కలిపితే బంగారం గోధుమరంగు పొడిగా అడుగుకు దిగుతుంది.

కాగితం మీద సరళంగా కనిపించే ఈ క్రమంలో ప్రతి అంచెలోనూ బంగారం నష్టపోయే అవకాశం ఉంది. టంకంలోని తగరం నత్రికామ్లంతో కలిసి తెల్లని జిగురు వంటి పదార్థంగా మారి, సన్నని బంగారు రేకులను తనలో బంధిస్తుంది. ద్రావణంలో ఎక్కడైనా కరగని రాగి మిగిలితే కరిగిన బంగారం తిరిగి దానిపై పేరుకుంటుంది. నత్రికామ్లం మిగిలిపోతే దిగిన పొడి మళ్లీ కరుగుతుంది. చిప్పుల నల్లని కవచాన్ని తొలగించడానికి వాటిని బహిరంగంగా కాల్చినప్పుడు, బ్రోమిన్ కలిసిన అగ్నినిరోధకాల వల్ల డయాక్సిన్ల వంటి విషపదార్థాలు పుట్టే ప్రమాదం ఉంది.

బెంగళూరులోని అసంఘటిత శుద్ధిపై జరిగిన పరిశీలనలు ఈ నష్టాన్ని స్పష్టం చేశాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2009 నివేదికలో కూడా ప్రస్తావనకు వచ్చిన ఆ అంచనాల ప్రకారం పెరటి పద్ధతిలో చేతికి వచ్చే బంగారం సుమారు 25 శాతం. ఆధునిక కర్మాగారంలో అది 95 శాతం స్థాయిలో ఉంటుంది. పై ప్రమాణంతో చూస్తే ఒక టన్ను బోర్డులలోని 200 గ్రాములలో పెరట్లో 50 గ్రాములు, కర్మాగారంలో 190 గ్రాములు దక్కుతాయి. మిగిలిన 140 గ్రాముల భేదం ఆమ్లంతో కలిసి కాలువ పాలవుతుంది, లేదా బూడిదలో పోతుంది.

5. రాగి లెక్క

బంగారం గురించి చెప్పే కథనాలలో రాగి ప్రస్తావన తక్కువ. సర్క్యూట్ బోర్డుల బరువులో రాగి సుమారు 20 శాతం, అంటే టన్నుకు 200 కిలోలు. అదే టన్నులో బంగారం 200 గ్రాములు. ఒక గ్రాము బంగారానికి తోడుగా ఒక కిలో రాగి ఉందన్నమాట.

ఒక కిలో రాగిని గాఢ నత్రికామ్లంతో పూర్తిగా కరిగించడానికి సమీకరణం ప్రకారం సుమారు 4 కిలోల శుద్ధ ఆమ్లం ఖర్చవుతుంది, సుమారు 1.45 కిలోల ఎర్రని నైట్రోజన్ డయాక్సైడు వాయువు వెలువడుతుంది. సజల ఆమ్లం వాడితే ఖర్చు 2.65 కిలోలకు తగ్గుతుంది, వాయువు కూడా తగ్గుతుంది, కాని కరిగే రాగి అంతే. ఈ వాయువు ఊపిరితిత్తులకు చేసే హాని కొన్నిసార్లు వెంటనే తెలియదు. కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణాపాయం కలగవచ్చు.

అయితే బోర్డు మొత్తాన్ని ఆమ్లంలో వేయకుండా బంగారు పట్టీలను మాత్రమే కత్తిరించి తీసుకుంటే లెక్క మారుతుంది. 35 మైక్రాన్ల రాగి రేకు మీద 0.75 మైక్రాన్ల బంగారు పూత ఉన్నచోట, ఒక గ్రాము బంగారానికి తోడుగా ఉండే రాగి సుమారు 22 గ్రాములే. ఆమ్లం చుక్క వాడకముందే, కత్తెర, కన్ను, చేతి నేర్పు కలిసి రాగి భారాన్ని దాదాపు 45వ వంతుకు తగ్గించాయి. వేరుచేయడం ఎంత విలువైన పనో దీనివల్ల తెలుస్తుంది.

పట్టీలను మాత్రమే పెరట్లో శుద్ధి చేస్తే తప్పేమిటన్న ప్రశ్న సహజం. పట్టీలు తీసిన బోర్డు మీగడ తీసిన పాల వంటిది. చిప్పులలో, ఇతర భాగాలలో మిగిలిన లోహాల కోసం దానిని కొనే కర్మాగారం తక్కువ ధర కడుతుంది. పెరట్లో పట్టీల బంగారమూ పూర్తిగా చేతికి రాదు. వాడిన ఆమ్లం ఎటు పోవాలన్న ప్రశ్న మాత్రం పరిమాణం తగ్గినా అలాగే నిలుస్తుంది. గోదావరి డెల్టాలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన తీవ్రత ఉంది.

6. డెల్టాలో నీటి దారి

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని స్థానంలో తరువాత నిర్మించిన బ్యారేజీ దాదాపు 10 లక్షల ఎకరాలకు నీరందిస్తున్న కాలువ వ్యవస్థకు తలమానికం. ఈ కాలువల నీరు పొలాలకే పరిమితం కాదు. తీరానికి దగ్గరగా ఉన్న అనేక గ్రామాలలో భూగర్భజలం ఉప్పగా ఉండటం వల్ల తాగడానికి కూడా కాలువ నీరే ఆధారం. వేసవిలో కాలువలు కట్టివేసే ముందు మంచినీటి చెరువులను నింపుకోవడం అక్కడి వార్షిక క్రమం. పొలాల నుండి, ఊళ్ల నుండి వచ్చే నీటిని యనమదుర్రు వంటి మురుగు కాలువలు సముద్రం వైపు తీసుకుపోతాయి. చేపల, రొయ్యల చెరువులు ఈ నీటివ్యవస్థను ఆనుకొనే విస్తరించాయి.

నేల చదును, నీటి నడక నెమ్మది, భూగర్భజలం పైపైనే. ఎగువన పారబోసినది దిగువ ఊరి చెరువుకు చేరకుండా ఆపగల ఎత్తుపల్లాలు ఇక్కడ లేవు.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం (2012) ప్రకారం రాగి ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 0.05 మి.గ్రా.; వేరే నీరు లేనప్పుడు అనుమతించే గరిష్ఠ పరిమితి 1.5 మి.గ్రా. ఒక గ్రాము బంగారం కోసం కరిగించిన ఒక కిలో రాగిని ఆమోదయోగ్య పరిమితికి పలుచన చేయడానికి 2 కోట్ల లీటర్ల నీరు కావాలి. అది ఐదు ఎకరాల చెరువులో ఒక మీటరు లోతున నిలిచిన నీటితో సమానం. గరిష్ఠ పరిమితిని తీసుకున్నా 6.6 లక్షల లీటర్లకు పైగా అవసరం. వాస్తవంలో రాగి కొంత బురదకు అంటుకుంటుంది కనుక ఈ లెక్క నీటి నాణ్యతను యథాతథంగా చెప్పదు. ప్రమాద పరిమాణాన్ని మాత్రం సూచిస్తుంది. బురదలో చేరిన లోహం కూడా పూర్తిగా తొలగిపోయినట్లు కాదు. నీటి ఆమ్లత మారినప్పుడు అది తిరిగి కరగవచ్చు. సీసం విషయంలో తాగునీటి పరిమితి లీటరుకు 0.01 మి.గ్రా. మాత్రమే, దానికి సడలింపు లేదు.

7. గ్వియు అనుభవం

ఈ ప్రమాదం ఊహాజనితం కాదని చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో లియాన్‌జియాంగ్ నదీ ప్రాంతపు పట్టణమైన గ్వియు అనుభవం చెబుతుంది. ఒకప్పుడు వరి పండించిన ఆ ప్రాంతం 1990ల నాటికి ఈ-వ్యర్థాల కేంద్రంగా మారింది. ఇళ్ల ముందు బోర్డులను వేడిచేసి చిప్పులను ఊడదీయడం, నది ఒడ్డున ద్రవరాజంతో బంగారం తీయడం అక్కడి జీవనోపాధి అయింది. స్థానిక నీరు తాగడానికి పనికిరాక బయటినుండి తెచ్చుకోవలసి వచ్చింది. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం గ్వియు పిల్లల రక్తంలో సీసం సగటున డెసిలీటరుకు 15.3 మైక్రోగ్రాములు. ఈ పరిశ్రమ లేని పొరుగు పట్టణపు పిల్లలలో అది 9.94 మైక్రోగ్రాములు. గ్వియు ప్రజలు దురాశాపరులేమీ కారు. వ్యవసాయం చాలని కుటుంబాలు చేతికందిన పనిని చేశాయి. ఒక్కొక్క ఇంటి పెరట్లో జరిగింది చిన్న పనే. అందరి పెరళ్ల నీరు చేరినది ఒకే నదిలో.

8. శుద్ధి కర్మాగారం ఏమి భిన్నంగా చేస్తుంది?

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ పరిధిలోని సీ-మెట్ సంస్థ హైదరాబాదు కేంద్రం సర్క్యూట్ బోర్డుల నుండి లోహాలను రాబట్టే సాంకేతికతపై కృషి చేసింది. బెల్జియంలోని హోబోకెన్ వంటి చోట్ల ఇదే పని భారీ స్థాయిలో జరుగుతున్నది. ఇటువంటి లోహశుద్ధి పద్ధతుల మూలసూత్రం ఇది: మొదట బోర్డులలోని ప్లాస్టిక్‌ను అదుపులో ఉన్న కొలిమిలో తొలగించి, వెలువడే వాయువులను శుద్ధి చేస్తారు. తరువాత లోహాలను కరిగిస్తే రాగి తనలో బంగారాన్ని, వెండిని ఇముడ్చుకుంటుంది. ఆ రాగిని పలకలుగా పోసి విద్యుద్విశ్లేషణకు గురిచేస్తే శుద్ధమైన రాగి ఒక ధ్రువంపై చేరుతుంది. బంగారం, వెండి అడుగున బురదగా దిగుతాయి. తీవ్రమైన ఆమ్లాలు తాకేది ఆ కొద్దిపాటి బురదను మాత్రమే.

పెరట్లో కాలుష్యంగా మారే రాగి ఇక్కడ అమ్ముకునే సరుకు అవుతుంది. టన్నుకు 200 కిలోల రాగి విలువ కూడా లెక్కలోకి వస్తుంది. ఈ పద్ధతికి పెట్టుబడి, వాయుశుద్ధి యంత్రాలు, నిరంతరంగా టన్నుల కొద్దీ సరుకు కావాలి. ఏ ఒక్క డెల్టా పట్టణమో దానిని పోషించడం కష్టం.

కొత్త పరిశోధనలు ఈ చిత్రాన్ని మార్చగలవా అన్నది గమనించదగినది. 2024లో జూరిక్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు పాలవిరుగుడు ప్రోటీనుతో తయారుచేసిన స్పాంజితో 20 మదర్‌బోర్డుల నుండి 450 మి.గ్రా. బరువుగల, 91 శాతం బంగారమున్న ముద్దను తీశారు. ద్రావణం నుండి బంగారాన్ని ఎంపికగా పట్టుకోవడంలో ఇది ముందడుగు. కాని లోహాలను ముందుగా ఆమ్లంలో కరిగించవలసిన అవసరం ఆ పద్ధతిలోనూ తప్పలేదు.

9. పని విభజన, చట్టం

చేతితో విప్పడం, వేరుచేయడం స్థానికంగా జరిపి, తుది శుద్ధిని సమర్థమైన కర్మాగారానికి అప్పగించాలన్న ఆలోచన అంతర్జాతీయ చర్చలలో ‘రెండు లోకాల మేలు’ అనే అర్థమిచ్చే పేరుతో ప్రసిద్ధం. యంత్రం బోర్డును పొడిచేసినప్పుడు బంగారం దుమ్ములో కొంత పోతుంది; నేర్పరి చేయి పట్టీని, ప్రాసెసర్‌ను, ఉక్కు చట్రాన్ని వేర్వేరుగా తీయగలదు. డెల్టాలోని తుక్కు వ్యాపారుల సేకరణ వ్యవస్థ, స్వర్ణకార కుటుంబాల రకాల పరిజ్ఞానం ఈ దశకు సరిపోతాయి.

భారతదేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల (నిర్వహణ) నియమాలు, 2022 ఈ విభజనకు కొంత సహాయపడతాయి, కొంత అడ్డుపడతాయి. ఈ నియమాల కింద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదుకు తయారీదారు, ఉత్పత్తిదారు, మరమ్మతు చేసి తిరిగి వాడుకలోకి తెచ్చేవారు, పునశ్శుద్ధిదారు అనే నాలుగు వర్గాలే ఉన్నాయి. విప్పే పనివారికి విడిగా నమోదు వర్గం లేదు. కనుక స్థానిక కేంద్రం నమోదైన పునశ్శుద్ధిదారుతో ఒప్పందంలో పనిచేయవలసి ఉంటుంది. మరోవైపు పారిశ్రామిక వాడలలో ఈ పనికి స్థలం కేటాయించడం, కార్మికులను గుర్తించి నమోదు చేయడం, వారి సంఘాల ఏర్పాటుకు సహకరించడం, నైపుణ్య శిక్షణ ఇవ్వడం రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యతలుగా ఇవే నియమాలు పేర్కొన్నాయి. ఒక ఆర్థిక సంవత్సరంలో 1,000 లేదా అంతకు మించిన పరికరాలు వాడే సంస్థలు భారీ వినియోగదారుల వర్గంలోకి వస్తాయి. వాటి ఈ-వ్యర్థాలు నమోదైన వారికే చేరాలి. పెద్ద కళాశాలలు, విశ్వవిద్యాలయాలు తమ పాత కంప్యూటర్లను వేలంలో ఎవరికి అప్పగిస్తున్నాయో ఈ దృష్టితో చూసుకోవాలి.

చట్టంతో తీరని సమస్య నమ్మకానిది. పెరట్లో తీసిన బంగారానికి ఆ రోజే డబ్బు వస్తుంది. కర్మాగారం సరుకు నమూనా తీసి, పరీక్షించి, వారాల తరువాత లెక్క చెబుతుంది. నమూనా సరిగా తీశారో లేదో అమ్మినవానికి తెలియదు. స్వర్ణకారుని అంగడిలో గీటురాయి మీద గీత గీసేటప్పుడు కొనుగోలుదారు ఎదురుగా నిలిచి చూస్తాడు. అటువంటి పారదర్శకత బోర్డుల వ్యాపారంలో లేనంతకాలం పెరటి ఆమ్లం వైపు మొగ్గు తగ్గదు. సరుకు తూకం, రకాల వారీ ధర, నమూనా పరీక్ష అమ్మేవారి సమక్షంలో జరగడం, కొంత సొమ్ము ముందుగా చెల్లించడం అనే ఏర్పాట్లు ఏ నిషేధం కన్నా ఎక్కువ ఫలితం ఇవ్వగలవు.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. కంప్యూటర్ బోర్డులలోని బంగారం గని ఖనిజం కన్నా గాఢమైన వనరు. కాని ఒక్కొక్క చిప్పులో అది మిల్లీగ్రాముల స్థాయిలోనిది. పరిమాణం లేనిదే ప్రయోజనం లేదు.

2. జలగడుగు వృత్తితో పోలిక గుర్తింపు, విభజన నైపుణ్యాల వరకు నిలుస్తుంది. కడగడానికి నీరు చాలిన చోట పాత విద్య సరిపోయింది. ఆమ్లం అవసరమైన చోట అది మరో వృత్తి అవుతుంది.

3. బోర్డులను మొత్తంగా కరిగిస్తే ఒక గ్రాము బంగారానికి ఒక కిలో రాగి ద్రావణంలోకి వస్తుంది. పెరట్లో నాలుగింట మూడు వంతుల బంగారం కూడా నష్టమవుతుంది.

4. కాలువ నీరే తాగునీరైన డెల్టాలో ఈ ద్రావణానికి సురక్షితమైన పారబోత స్థలం లేదు.

5. సేకరణ, విప్పడం, వేరుచేయడం స్థానికంగా, కరిగించడం నమోదైన కర్మాగారంలో జరగాలి. ఈ విభజన నిలబడాలంటే నమూనా పరీక్షలో, చెల్లింపులో పారదర్శకత అవసరం.

డెల్టా ప్రాంత కళాశాలల రసాయనశాస్త్ర, వాణిజ్యశాస్త్ర విభాగాలు తమ పరిసర పట్టణాలలోని తుక్కు దుకాణాలకు చేరే బోర్డుల రకాలను, పరిమాణాన్ని, అవి పోయే దారిని నమోదు చేస్తే ఈ విభజనకు కావలసిన ప్రాథమిక సమాచారం సమకూరుతుంది. సమీప మురుగు కాలువల బురదలో రాగి, సీసం పరిమాణాలను ఇప్పుడే కొలిచి ఉంచితే, రాబోయే మార్పును గుర్తించడానికి ఒక ఆధారం ఉంటుంది.